కాలివేళ్ళు చూశావా?

బుధవారం, రాత్రి

డెంటల్ అసిస్టెంట్ ట్రైనింగ్‌లో చేరి ఇది ఐదో వారం. ఇన్నాళ్ళూ ప్రాక్టీసంతా బొమ్మ తల మీదే. పాపం, దానికి నిజంగానే నోట్లో నాలుక లేదు. ఉమ్మి ఊరదు, దగ్గు రాదు, భయపడదు. దాని నోట్లో సక్షన్, అంటే ఉమ్మీ నీళ్ళూ పీల్చే గొట్టం, పట్టుకుని, పని వచ్చేసిందనే అనుకున్నాను. ఇవాళ మొదటిసారి మనిషి నోరు.

పొద్దున్నే వెళ్ళి కుర్చీ సిద్ధం చేశాను. పన్ను తొలిచే హ్యాండ్‌పీస్ గొట్టంలోంచీ, నీళ్ళ సిరంజిలోంచీ రెండు నిమిషాలు నీళ్ళు వదిలేయాలి. రాత్రంతా నిలవున్న నీళ్ళవి. మన పళ్ళకి పట్టే పాచి లాంటిదే సన్నటి గొట్టాల లోపల కూడా పడుతుందట. నీళ్ళు వదిలినంత మాత్రాన అది ఊడిపోదు, దానికి వేరే మందు వేస్తారు. కానీ నీళ్ళలో తేలే సూక్ష్మజీవులు కొంత తగ్గుతాయి. ఈ సంగతి విన్నప్పట్నుంచీ గడియారం చూసి మరీ వదులుతున్నాను.

తర్వాత ట్రే. మిర్రర్, ప్రోబ్, ట్వీజర్స్, పుచ్చు గీకి తీసే ఎక్స్‌కవేటర్... ఏది ముందు అవసరమైతే అది ముందు. ఇందులో తప్పు చేయలేదు. ఇవాళ తప్పు చేయకుండా గడిచింది ఇదొక్కటే అనుకుంటా.

మొదట వచ్చింది అరవై దాటిన పెద్దాయన. కింద ఎడమ దవడ పంటికి ఫిల్లింగ్. పేషెంటు ముఖాన్ని గడియారం అనుకోమంటారు, నుదురు పన్నెండు. కుడిచేతి వాటం ఉన్న డాక్టరు తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య ఎక్కడో కూర్చుంటారు, నేను రెండుకీ నాలుగుకీ మధ్య. డాక్టరు చేతులకి అడ్డం రాకుండా నోట్లోకి కనిపించాలి కాబట్టి నా స్టూలు నాలుగైదు అంగుళాలు ఎత్తులో ఉంటుంది. నా కుడి చేతిలో సక్షన్. పనిముట్లు అందించాల్సింది ఎడమ చేత్తో. డాక్టరు మేడమ్ కళ్ళు పంటి మీంచి కదలవు, చెయ్యి మాత్రం చాపుతారు. ఆ వేళ్ళ మధ్యకి పనిముట్టు వచ్చి చేరాలి, అదీ సరైన దిక్కుకి తిరిగి. కింది పన్నైతే మొన కిందికి, పై పన్నైతే పైకి. నా ఎడమ చెయ్యి ఇన్నేళ్ళూ కుడి చెయ్యి కష్టపడుతుంటే చూస్తూ కూర్చున్న రకం. ఎక్స్‌కవేటర్ రెండుసార్లు తలకిందులుగా ఇచ్చాను. మేడమ్ ఏమీ అనకుండా తిప్పి పట్టుకున్నారు.

అసలు గొడవ సక్షన్‌తో వచ్చింది. హ్యాండ్‌పీస్ నిమిషానికి మూడు నాలుగు లక్షల చుట్లు తిరుగుతుంది. ఆ వేడికి పంటి లోపలి నరం దెబ్బతినకుండా నీళ్ళు చిమ్ముతూనే ఉంటుంది. హ్యాండ్‌పీస్ నోట్లోకి వెళ్ళేలోపే సక్షన్ పంటి పక్కన ఉండాలి. నేను ఒక్క క్షణం ఆలస్యం చేశాను. నీళ్ళు గొంతు దాకా వెళ్ళి పెద్దాయనకి దగ్గొచ్చింది. కంగారులో గొట్టం లోపలికి తోశాను. ‘చప్’మని బుగ్గ లోపలి చర్మం దానికి అతుక్కుపోయింది. నేనేం చేశాను? లాగాను. అదే చేయకూడనిది.

మేడమ్ పెడల్ మీంచి కాలు తీసేసి, గొంతు పెంచకుండా, "లాగకు. కొద్దిగా తిప్పు, అదే వదులుతుంది" అన్నారు. తిప్పాను, వదిలింది. "సారీ అండీ" అన్నాను. ఆయన పర్లేదన్నట్టు చెయ్యి ఊపారు. ఆ తర్వాత కూడా మేడమ్ "నొప్పిగా ఉందా?" అని అడిగిన ప్రతిసారీ చెయ్యే ఊపారు. ఎంత మంచి మనిషో అనుకున్నాను.

ఆయన వెళ్ళాక సీనియర్ అక్క నన్ను పక్కకి పిలిచింది. బుగ్గ సంగతి ఎత్తుతుందేమో అనుకున్నాను. ఎత్తలేదు.

"పర్లేదన్నారు కదా ఆయన, నమ్మావా?"

"నమ్మానక్కా."

"కాలివేళ్ళు చూశావా?"

చూడలేదు. అక్క గుమ్మంలోంచి చూసిందట. మొదటినుంచీ వేళ్ళు ముడుచుకునే ఉన్నాయట. మత్తు పూర్తిగా ఎక్కి ఉండదు, అడిగితే ఏమనుకుంటారోనని ఓర్చుకుని ఉంటారు అంది. "మేడమ్‌కి పన్ను ఒక్కటే కనిపిస్తుంది. మిగతా మనిషంతా నీ వంతు. మొదలుపెట్టే ముందే చెప్పు, నొప్పొస్తే ఎడమ చెయ్యి ఎత్తమని. నువ్వు ఆ పక్కే ఉంటావు, నీకు కనిపిస్తుంది, డాక్టరు చేతికి తగలదు." ఇంత చిన్న ముక్క ఎవరో ఒకరు నాలుగు వారాల్లో ఎందుకు చెప్పలేదో నాకర్థం కాలేదు. చెప్పే ఉంటారు, బొమ్మకి కాళ్ళు లేవు కాబట్టి నా చెవికెక్కి ఉండదు.

రెండో పేషెంటుకి కుర్చీ వాల్చే ముందే చెప్పాను. సగంలో ఆవిడ చెయ్యి ఎత్తింది. నేను "మేడమ్" అన్నాను, మేడమ్ ఆపి ఇంకాస్త మత్తు ఇచ్చారు. అంతే. ఆవిడ కాళ్ళు తర్వాత బద్ధకంగా పక్కకి వాలాయి. ఇవాళ్టికి నాకు దొరికిన మెచ్చుకోలు ఆ కాళ్ళే.

మధ్యలో ఇంకో తప్పు. మేడమ్ "త్రీ సిక్స్" అని చెప్పారు, నేను ఛార్టులో 46 మీద గుర్తు పెట్టాను. పళ్ళ నంబర్ల లెక్క చాలా తేలిక. పేషెంటు పై కుడి 1, పై ఎడమ 2, కింది ఎడమ 3, కింది కుడి 4. మధ్య పన్ను నుంచి వెనక్కి 1 నుంచి 8 దాకా. పాలపళ్ళకి 5 నుంచి 8 వరసలు, ఒక్కో దాంట్లో అయిదే పళ్ళు. రెండంకెల్నీ విడివిడిగా పలకాలి, ముప్పై ఆరు అనకూడదు. అన్నీ వచ్చు. కానీ ఛార్టు మనకి ఎదురుగా కూర్చున్న మనిషి ముఖంలా ఉంటుంది, ఆయన ఎడమ కాగితం మీద నా కుడి. తిరిగి చదవమన్నారు కాబట్టి దొరికింది. పన్ను తీసే రోజైతే... వద్దు, దాని గురించి ఇప్పుడు ఆలోచిస్తే నిద్ర పట్టదు.

మధ్యాహ్నం ఆల్జినేట్‌తో పళ్ళ అచ్చు తీయడం, ఒకరికొకరం. నీళ్ళలో పొడి వేసి గిన్నె గోడకేసి రుద్దుతూ నిమిషంలోపు గడ్డల్లేకుండా కలపాలి. నీళ్ళు చల్లగా ఉంటే నిదానంగా గట్టిపడుతుంది, గోరువెచ్చగా ఉంటే ట్రేలోకి ఎత్తేలోపే బిగుసుకుంటుంది. నా వంతు వచ్చేసరికి నేనే పేషెంటుని. తోటి అమ్మాయి ట్రేని లోపలికి నొక్కగానే ముద్ద వెనక్కి జారి కొండనాలుక దాకా వచ్చినట్టయింది. డోకు. అక్క వచ్చి "ముందుకి వంగు, ముక్కుతో ఊపిరి తీసుకో, కుడి కాలు ఎత్తి పట్టుకో" అంది. కాలుకీ గొంతుకీ ఏం సంబంధమో గానీ పనిచేసింది. ధ్యాసంతా కాలి మీదికి పోతుంది. గట్టిపడటానికి పట్టిన ఆ రెండు మూడు నిమిషాల్లోనే ఎవరో "బాగానే ఉందా?" అని అడిగారు. నేను చెయ్యి ఊపాను, పర్లేదన్నట్టు. అప్పుడు చూసుకున్నాను, నేల మీదున్న ఎడమ కాలి వేళ్ళు చెప్పులో ముడుచుకుని ఉన్నాయి.

అచ్చులో సరిగ్గా దవడ పంటి గుంట దగ్గర గాలి బుడగ. మళ్ళీ తీయాలి, రేపు.

చివర్లో థియరీ క్లాసు. 1885లో న్యూ ఆర్లీన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు సాయానికి ఒక స్త్రీని పెట్టుకున్నాడట. అప్పట్లో ఆడవాళ్ళు తోడు లేకుండా డాక్టరు దగ్గరికి రాలేకపోయేవాళ్ళు, లోపల ఇంకో ఆడమనిషి ఉంటే ఒంటరిగానూ రావడం మొదలైంది. మా ఉద్యోగం అలా పుట్టిందన్నమాట, పనిముట్లు అందించడానికే కాదు. ఆయనే తర్వాత పళ్ళ ఎక్స్‌రేల మీద పనిచేశాడు. ఆ కిరణాలు తగిలి తగిలి చేతికి క్యాన్సర్ వచ్చి వేళ్ళూ, తర్వాత చెయ్యీ తీసేయాల్సి వచ్చింది. 1928లో పోయాడు. పేషెంటు నోట్లో ఫిల్మ్‌నో సెన్సర్‌నో మేం చేత్తో పట్టుకోకూడదన్న రూలు చదివినప్పుడు చాదస్తం అనుకున్నాను. కిరణం తగిలినప్పుడు నొప్పి పుట్టదు. ఆయన వేళ్ళు ముడుచుకోవడానికి కారణమే లేదు.

ఇంటికి బయల్దేరే ముందు ఆటోక్లేవ్ పని, అంటే వేడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం. పనిముట్లని మందపాటి గ్లవ్స్‌తో కడిగి, ఆరబెట్టి, పౌచుల్లో పెట్టి, తేదీ రాశాను. బయటికి తీశాక పౌచు మీద గుర్తు రంగు మారి ఉంది. "అయిపోయిందక్కా" అన్నాను. "ఏం అయిపోయింది? దానికి వేడి తగిలిందని తెలిసింది, అంతే" అంది. క్రిములు నిజంగా చచ్చాయో లేదో తెలియాలంటే వారానికోసారి వేరే పరీక్ష. మామూలు వేడికి చావని ఒక బ్యాక్టీరియా బీజాలున్న చిన్న సీసాని పనిముట్లతో పాటే ఆటోక్లేవ్‌లో పెడతారు. తీశాక దాన్ని, ఆటోక్లేవ్ చేయని ఇంకో సీసాని పక్కపక్కన వెచ్చటి ఇంక్యుబేటర్‌లో ఉంచుతారు. ఇవాళ రెండూ నేనే పెట్టాను. రెండూ ఊదా రంగులోనే ఉన్నాయి.

రేపు వెళ్ళగానే ముందు అవే చూడాలి. బీజాలు బతికుంటే రంగు పసుపవుతుంది. మనం ఉడికించింది ఊదాగానే ఉండాలి, రెండోది పసుపుకి తిరగాలి. రెండూ ఊదాగానే ఉంటే పరీక్షే చెల్లదట, మళ్ళీ మొదటినుంచి.