కాంపౌండ్ విల్లుకి ఇంట్లోనే డ్రా బోర్డు

కాంపౌండ్ విల్లు, అంటే రెండు కొసల్లో కామ్‌లనే చక్రాలున్న విల్లు, నిండా లాగినప్పుడు పై కామ్, కింది కామ్ ఒకేసారి ఆగుతున్నాయా లేదా అన్నది లాగే మనిషికి కనపడదు. కన్ను పీప్‌లో, అంటే స్ట్రింగ్‌లో అమర్చిన చిన్న రంధ్రంలో, ఉంటుంది. పక్కవాళ్లు ఫోన్‌లో వీడియో తీస్తే కొంత తెలుస్తుంది గానీ, చేయి ఊగే ఆ నాలుగు సెకన్లలో ఒక మిల్లీమీటరు తేడా పట్టుకోవడం అయ్యే పని కాదు. డ్రా బోర్డు మీద విల్లుని చేతికి బదులు పెగ్గు పట్టుకుంటుంది, స్ట్రింగ్‌ని రిలీజ్‌కి (స్ట్రింగ్‌ని పట్టి వదిలే చేతి పరికరం) బదులు వించి, అంటే పిడి తిప్పితే తాడు చుట్టుకునే డ్రమ్ము, లాగుతుంది. ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది, మనం చుట్టూ తిరిగి తీరిగ్గా చూసుకోవచ్చు.

అయితే చేతికి తెలిసేవి చెక్కకి తెలియవు. లాగడం ఎక్కడ ఆపాలో, విల్లు ఎటు వాలుతోందో, వదిలేటప్పుడు ఎంత బరువు మీద పడుతుందో చేయి చెప్పేస్తుంది. బోర్డులో ఇవన్నీ మనమే ముందుగా అమర్చుకోవాలి. వచ్చే తిప్పలన్నీ ఈ మూడింటి దగ్గరే.

చెక్క, పొడవు

ఐదడుగుల చెక్క చాలు. లెక్క ఇది: పెగ్గు నుంచి స్ట్రింగ్ వరకు ఎక్కువలో ఎక్కువ 30 అంగుళాలు, స్ట్రింగ్‌కి తగిలించే లూపు, కొక్కెం కలిపి 3, లాగే బరువు చూపే తూకం 10, తాడుకి 6, వించికి 8. మొత్తం 57. అడ్డకొలత 5 అంగుళాలు, మందం అంగుళంన్నరకి తగ్గకూడదు. టేకు అక్కర్లేదు, తడి ఆరిన ఏ గట్టి చెక్కయినా సరే. 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు రెండు ఫెవికాల్ పెట్టి, స్క్రూలు బిగించి అతికిస్తే ఇంకా నయం, వంకర పోదు.

బోర్డుని గోడకి నిలువుగా బిగించడం మేలు. పెగ్గు పైన, వించి కింద. విల్లు గ్రిప్ దగ్గర పెగ్గు మీద వేలాడుతుంది, స్ట్రింగ్ కిందివైపు ఉంటుంది. బల్ల మీద పడుకోబెడితే విల్లు తన బరువుకే ఒక పక్కకి ఒరుగుతుంది, దాన్ని ఎత్తిపట్టడానికి ఇంకో ఏర్పాటు కావాలి. గోడ సంగతికి భయపడక్కర్లేదు. లాగే బలమంతా పెగ్గుకీ వించికీ మధ్య చెక్కలోనే ఉండిపోతుంది. గోడ మోసేది బోర్డు బరువు, విల్లు బరువు, పిడి తిప్పేటప్పుడు మనం వేసే ఒత్తిడి మాత్రమే. 10 మి.మీ. యాంకర్ బోల్టులు నాలుగు సరిపోతాయి. అద్దె ఇంట్లో ఓనరుతో పేచీ ఎందుకనుకుంటే కిటికీ చువ్వలకి కాకుండా, గట్టి బల్ల కాలికి సి-క్లాంపులతో బిగించుకోండి.

పెగ్గు

16 మి.మీ. బోల్టు, చెక్కకి రెండు వైపులా పెద్ద వాషర్లు, వెనక నట్టు. చెక్క మీదికి నాలుగున్నర అంగుళాలు పైకి నిలవాలి, విల్లు చెక్కకి మూడంగుళాల ఎడంగా కూర్చోవాలి. లేకపోతే కేబుల్ గార్డు (కామ్‌ల మధ్య ఉండే కేబుళ్లని పక్కకి పట్టి ఉంచే కడ్డీ) చెక్కకి రాసుకుంటుంది. గురి చూసే సైట్ ఉన్న వైపు బయటికి పెట్టండి. బోల్టు మీద రబ్బరు గొట్టం తొడిగితే గ్రిప్ గీసుకుపోదు.

పెగ్గు గుండ్రంగానే ఉండాలి. చాలామంది గ్రిప్ ఆకారానికి చెక్క దిమ్మ చెక్కి పెడతారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ దిమ్మ విల్లుని ఒకే కోణంలో బిగబట్టేస్తుంది. అప్పుడు ఒక లింబ్ (విల్లులో వంగే కొమ్మ) మీద ఎక్కువ భారం పడుతుంది, కామ్‌లు బాగానే ఉన్నా ఒకటి ముందు, ఒకటి వెనక ఆగుతున్నట్టు కనిపిస్తుంది. గుండ్రటి పెగ్గు మీదైతే విల్లు చేతిలో కుదురుకున్నట్టే తనంతట తానే కుదురుకుంటుంది. పెగ్గు ఆనాల్సిన చోటు గ్రిప్‌లో బాగా లోతైన చోటు, అంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు ఆనే చోటు.

లాగే బలానికి బోల్టు వించి వైపు వంగుతుందేమో చూడండి. వంగితే పెగ్గుకి వించి వైపు ఆనిస్తూ ఒక చెక్క దిమ్మ బిగించండి, దాని ఎత్తు రెండంగుళాలు మించకూడదు, విల్లుకి తగలకూడదు.

వించి

లారీ లోడు బిగించే రాచెట్ బెల్టు మాత్రం వాడకండి. బిగించడానికి బాగుంటుంది, కానీ వదిలేటప్పుడు ఒక్కసారిగా వదిలేస్తుంది. అంటే బాణం లేకుండా విల్లు వదలడమే, డ్రై ఫైర్. లింబ్ చీలచ్చు, కామ్ వంగచ్చు, స్ట్రింగ్ తెగి మొహాన కొట్టచ్చు.

పడవల ట్రెయిలర్‌కి వాడే రకం రాచెట్ వించి పనికొస్తుంది, కానీ దించేటప్పుడు పళ్ల మీంచి, వెనక్కి తిరగకుండా పట్టే నాలుక ఎత్తి, పిడి మొత్తం మన చేతి బలంతో ఆపుకుంటూ వదలాలి. ఆటోమేటిక్ బ్రేకు ఉన్న వించిలో ఇంకో చిక్కుంది. ఆ బ్రేకు పట్టాలంటే కనీసం ఇంత బరువు ఉండాలని ఉంటుంది. విల్లు నిండా లాగాక మిగిలేది ఐదారు కిలోలే, అంత తక్కువకి బ్రేకు జారచ్చు. అన్నిటికన్నా నచ్చేది వర్మ్ గేర్ వించి, కోళ్ల ఫారాల్లో పక్క పరదాలు ఎత్తీ దించీ చేసే రకం. పిడి వదిలేసినా ఎటూ తిరగదు, ఎక్కించడం ఎంత నెమ్మదో దించడమూ అంతే నెమ్మది. 250 కిలోల సామర్థ్యం ఉన్నది చాలు.

వించికి తాడు కన్నా 25 మి.మీ. పాలియెస్టర్ పట్టీ మేలు. కారణం బలం కాదు. డ్రమ్ము వ్యాసం అంగుళంన్నర ఉందనుకోండి, ఒక చుట్టుకి 4.7 అంగుళాల తాడు లోపలికి పోతుంది. స్ట్రింగ్ 20 అంగుళాలు జరగాలంటే నాలుగు చుట్లు పైనే. 5 మి.మీ. తాడు పక్కపక్కనే చుట్టుకుంటే లాగే గీత డ్రమ్ము మీద 20 మి.మీ.కి పైగా పక్కకి జరిగిపోతుంది. విల్లు అడ్డంగా మెలిపడి కామ్‌లు వాలినట్టు కనిపిస్తాయి, ఆ వాలు సరిచేద్దామని కూర్చుంటే ఉన్న ట్యూనింగ్ కూడా పోతుంది. మరీ పక్కకి పోతే స్ట్రింగ్ కామ్ గాడిలోంచి జారిపోతుంది. పట్టీ అయితే తన మీద తానే చుట్టుకుంటుంది, గీత కదలదు. తాడే వాడాలనుకుంటే డ్రమ్ముకి ఆరంగుళాల ముందు ఒక చిన్న కప్పీ పెట్టి దాన్లోంచి పోనివ్వండి.

బిగించే ముందు పెగ్గు మీద విల్లు కూర్చునే చోటి నుంచి డ్రమ్ము మధ్యకి ఒక దారం లాగి కట్టండి. చెక్కకి దాని ఎత్తు రెండు కొసల్లోనూ ఒకటే ఉండాలి, పక్కలకి కూడా నిట్టనిలువుగా ఉండాలి. వించి కిందగా ఉంటే దాని కింద చెక్క ముక్క పెట్టి లేపండి.

తూకం, కొలత

100 కిలోల డిజిటల్ వేలాడే తూకం. కొన్న రోజే 20 లీటర్ల వాటర్ క్యాన్ నిండా నీళ్లు పోసి తగిలించి చూడండి. క్యాన్ బరువు విడిగా తూచి తీసేస్తే 20 కిలోలు రావాలి. తూకం సొంత బరువు కూడా రాసిపెట్టుకోండి. నిలువు బోర్డులో ఆ బరువు స్ట్రింగ్ మీదే వేలాడుతుంది, కానీ తెర మీద కనపడదు. తూకం అరకిలో ఉంటే, 5.7 కిలోల హోల్డింగ్ వెయిట్ (నిండా లాగాక చేతి మీద మిగిలే బరువు) 5.2 అని చూపిస్తుంది.

స్టీలు టేపు ముక్కని చెక్కకి అతికించేటప్పుడు సున్నాని పెగ్గు దగ్గర పెట్టకండి. డ్రా లెంగ్త్ అంటే గ్రిప్ లోతైన చోటి నుంచి నాక్ (బాణం వెనక గాడి స్ట్రింగ్‌కి తగిలే చోటు) వరకు ఉన్న దూరానికి అంగుళంముప్పావు కలపాలి. అందుకని పెగ్గుకి గ్రిప్ ఆనే అంచు దగ్గర టేపు మీది అంగుళంముప్పావు గీత వచ్చేలా అతికించండి. 28 అంగుళాల విల్లు నాక్ నేరుగా 28 దగ్గరే కనిపిస్తుంది.

స్ట్రింగ్‌ని తూకానికి తగిలించేది డీ-లూప్‌తోనే, అంటే రిలీజ్ తగిలించడానికి స్ట్రింగ్‌కి కట్టిన చిన్న తాడు లూపుతోనే. దానికి తోడుగా ఇంకో మెత్తటి గట్టి తాడు లూపు, డీ-లూప్‌కి పైనా కిందా స్ట్రింగ్ చుట్టూ వేసి, కాస్త వదులుగా అదే కొక్కేనికి తగిలించండి. డీ-లూప్ ముడి జారితే ఇది పట్టుకుంటుంది. ఇనుప కొక్కేన్ని నేరుగా స్ట్రింగ్‌కి తగిలించకూడదు, పోగులు తెగుతాయి.

లాగడం

ముందు విల్లు చూసుకోండి. లింబ్ అంచుల వెంట దూదితో తుడవండి, ఎక్కడైనా దూది పోగులు చిక్కుకుంటే అక్కడ చీలిక ఉన్నట్టే, ఆ విల్లు బోర్డు ఎక్కకూడదు. కళ్లద్దాలు పెట్టుకోండి. మొహం స్ట్రింగ్ గీతలో పెట్టకుండా పక్కన నిలబడండి. డ్రై ఫైర్ భయంతో బాణం తొడుగుతారు కొందరు, అది వద్దు. జారితే ఆ బాణం పైకప్పులోకి పోతుంది.

అర అంగుళానికి ఒకసారి ఆపి తూకం రాసుకోండి. సంఖ్య పెరిగి, కొంతదూరం దాదాపు నిలబడి, తర్వాత గబగబా పడిపోతుంది. పోటీల్లో కాంపౌండ్ విల్లు 60 పౌండ్లు, అంటే 27.2 కిలోలు దాటకూడదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖకైనా, ఈ ఏడాది కొత్తగా పోటీకి దిగేవాళ్లకైనా అదే హద్దు. ఇంటి బోర్డు మీద 59.8 వస్తే సంబరపడకుండా ఒక పౌండు తగ్గించుకోండి, అధికారి తూకం మీ తూకంతో ఏకీభవించాలని లేదు.

ఇక అసలు ప్రమాదం, గోడ. ఇది ఇంటి గోడ కాదు, నిండా లాగాక స్ట్రింగ్ ఇక రాకుండా ఆగిపోయే చోటు. చేత్తో లాగితే గోడ తగలగానే మనం ఆగిపోతాం. వించికి గోడ తెలియదు, ఇంకో అరచుట్టు తిప్పితే అది హాయిగా 80, 100 కిలోలు వేసేస్తుంది. స్టాప్ పెగ్గులు (కామ్ ఇక తిరగకుండా ఆపే చిన్న మేకులు) వంగుతాయి, కేబుల్ సాగుతుంది. కాబట్టి సంఖ్య పడిపోవడం మొదలైన దగ్గర్నుంచి పిడిని పావుచుట్టు చొప్పునే తిప్పండి, కన్ను తూకం మీదే ఉంచండి. అన్నిటికన్నా తక్కువ సంఖ్య వచ్చాక మళ్లీ రెండు కిలోలు పెరిగిందా, అక్కడితో ఆపేయండి.

పీక్, అంటే అన్నిటికన్నా ఎక్కువ సంఖ్య, 22.7 కిలోలు, అడుగు, అంటే అన్నిటికన్నా తక్కువది, 5.7 వచ్చాయనుకుందాం. తేడా 17, దాన్ని 22.7తో భాగిస్తే లెట్ ఆఫ్, అంటే నిండా లాగాక తగ్గే బరువు, 75 శాతం.

ఏం చూడాలి

స్టాప్‌కీ కేబుల్‌కీ మధ్య, లేదా స్టాప్ లింబ్‌కి తగిలే రకమైతే ఆ సందులో, ఒక విజిటింగ్ కార్డు పెట్టి చూడండి. రెండు వైపులా ఒకేలా బిగుసుకుంటే కామ్‌లు కలిసి ఉన్నట్టు. ఒక వైపు బిగుసుకుని ఇంకో వైపు ఊడి కింద పడితే తేడా ఉన్నట్టే. రెండు కామ్‌లూ విడివిడిగా కేబుల్ చుట్టుకునే విల్లులో, ముందుగా ఆగుతున్న కామ్ మీద చుట్టుకునే కేబుల్‌కి పురి ఎక్కించాలి. కేబుల్ పొట్టిదవుతుంది, ఆ కామ్‌ని వెనక్కి లాగి ఉంచుతుంది, అది కాస్త ఆలస్యంగా ఆగుతుంది. మిగతా రకాల్లో దిక్కు మారచ్చు. ఒక్క పురి వేసి మళ్లీ లాగితే అదే చెబుతుంది. ఒకసారికి ఒక కేబుల్, ఒక పురి, అంతకు మించి వద్దు. పురి వేయడానికి బో ప్రెస్ (లింబ్‌లని వంచి స్ట్రింగ్, కేబుళ్లని వదులు చేసే పరికరం) కావాలి, బోర్డు మీద లాగి ఉన్న విల్లు కేబుల్ మీద చెయ్యి వేయకూడదు.

కామ్ వాలు చూడటానికి నిటారుగా ఉన్న బాణం ఒకటి కామ్ పక్క తలానికి ఆనించి పట్టుకోండి. స్ట్రింగ్‌తో పాటు సమానంగా పోతోందా, దగ్గరవుతోందా, దూరమవుతోందా చూడండి. లాగకముందు ఒకసారి, లాగాక ఒకసారి. యోక్ ఉన్న, అంటే కొసలో రెండు కాళ్లుగా చీలే, కేబుల్‌లో ఒక కాలికి ఎక్కించిన పురి ఇంకో కాలి నుంచి తీసేయాలి, లేకపోతే కేబుల్ పొడవు మారి కామ్‌ల లెక్క మొదటికొస్తుంది. పీప్ పూర్తిగా తిరిగి కంటికెదురుగా వస్తోందా, డ్రాప్ అవే రెస్ట్ (బాణాన్ని మోసి, వదలగానే కిందికి పడిపోయే ఆధారం) చివరి అంగుళంలో నిలబడుతోందా అన్నవి కూడా ఇక్కడే తేలతాయి.

దించేటప్పుడు కూడా అవే చోట్ల తూకం రాయండి. సంఖ్యలు కాస్త తక్కువ వస్తాయి, ఆ తేడా రాపిడి. నెలనెలా ఆ తేడా పెరుగుతుంటే కేబుల్ గార్డు మీద కేబుళ్లు జారే స్లైడ్ అరిగిందో, రోలర్ బిగుసుకుందో చూడండి.

దించడం

ఎక్కువ దెబ్బలు తగిలేది ఇక్కడే. నిండా లాగి ఉన్నప్పుడు పిడి మీద ఆరు కిలోల లాగుడే కాబట్టి తేలిగ్గా అనిపిస్తుంది. నాలుగంగుళాలు దించేసరికి అది ఒక్కసారిగా 22 అవుతుంది. రాచెట్ వించిలో అప్పుడు పిడి చేతిలోంచి ఎగిరి గిర్రున తిరిగి మణికట్టు మీద కొడుతుంది. నాలుక ఎత్తే ముందే పిడిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, ఆ బరువు వస్తుందని ఎదురుచూస్తూ దించండి. మధ్యలో ఆపి ఫోన్ ఎత్తడాలు వద్దు.

పని అయ్యాక కామ్ మీద కేబుల్ వదిలే చోట వైట్‌నర్‌తో సన్నటి చుక్క పెట్టండి, రెండు కామ్‌లకీ. కొత్త స్ట్రింగ్ అయితే వంద, నూటయాభై బాణాలు వేశాక ఆ చుక్కలు జరిగాయేమో చూసి, జరిగితే మళ్లీ బోర్డెక్కించండి. పురి మార్చిన ప్రతిసారీ నాక్ ఎత్తు, పీప్ తిరుగుడు, పీక్ బరువు మూడూ మళ్లీ కొలవాలి.