కొండ ఊరి కాలిబాటలు, వాటిని కాచే నీటి దారులు

అడవి మధ్యలో, కొండ వాలున, నలభై గడప దాటని చిన్న ఊరు అది. దాని చుట్టూ ఉన్న కాలిబాటల మీద వారం రోజులు నడిచి వచ్చాను. శిఖరం మీద నుంచి కనిపించిన దృశ్యాల గురించి, తెల్లవారుజామున లోయలో నిలిచిన మంచు గురించి రాయాలని బయలుదేరేటప్పుడు అనుకున్నాను. తిరిగి వచ్చాక నా నోటుపుస్తకం తిరగేస్తే అందులో సగానికి పైగా కాళ్ల కింది నేల గురించే ఉంది. బాట ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ కోసుకుపోయింది, ఎందుకలా అయింది అన్న ప్రశ్నలే ఎక్కువ రాసుకున్నాను. అందుకే ఈ టపా కూడా వాటి గురించే.

ఇలాంటి ఊళ్ల చుట్టూ రెండు రకాల బాటలు ఉంటాయని రెండో రోజుకే అర్థమైంది. మొదటివి అవసరం కొద్దీ పుట్టినవి. ఊట దగ్గరకు, పశువుల మేత బయలుకు, పక్క లోయలోని ఊరికి వెళ్లడానికి తరతరాలుగా మనుషులు, పశువులు తొక్కి చేసిన దారులు అవి. వాటిలో చాలావరకు సూటిగా పోతాయి, నిటారుగా ఎక్కుతాయి, చేరవలసిన చోటికి చేరాక ఆగిపోతాయి. రెండో రకం నడక కోసమే వేసినవి. అవి కొండను చుట్టుకుంటూ, మెలికలు తిరుగుతూ, గట్టు మీదుగా లేదా జలపాతం పక్కగా పోయి, చివరకు బయలుదేరిన చోటికే తీసుకువస్తాయి. మ్యాపులో రెండూ ఒకే చుక్కల గీతగా కనిపిస్తాయి గానీ నడిచేవారికి తేడా పది నిమిషాలలోనే తెలుస్తుంది. పాత బాటలో ఊపిరి ముందు అలుస్తుంది, కొత్త బాటలో కాళ్లు ముందు అలుస్తాయి.

నిటారు బాటకు అలుపు కంటే పెద్ద చిక్కు నీటితో వస్తుంది. నీరు పల్లమెరుగునని మనవాళ్లు ఊరికే అనలేదు. కొండ వాలులో వాన నీరు ఏ గీత వెంట సూటిగా కిందికి జారుతుందో, బాట కూడా ఆ గీత వెంటే ఉంటే, మొదటి పెద్ద వానకే ఆ బాట కాలువ అవుతుంది. నీరు మట్టిని తీసుకుపోతుంది, రాళ్లు పైకి తేలతాయి, మరుసటి ఏడాదికి బాట చుట్టుపక్కల నేల కంటే జానెడు లోతుకు దిగిపోతుంది. ఇక ఆ గాడిలో పడిన నీటికి బయటకు వెళ్లే దారే ఉండదు. అందుకే బాటలు వేసేవారు ఒక సులువైన లెక్క పాటిస్తారు. బాట వాలు, అది దాటుతున్న కొండ వాలులో సగానికి మించకూడదు. కొండ 16 శాతం వాలుతో ఉంటే బాట 8 శాతం దాటకూడదన్నమాట, అంటే వంద మీటర్లు నడిస్తే ఎనిమిది మీటర్ల కంటే ఎక్కువ ఎక్కకూడదు. కొండ ఎంత నిటారుగా ఉన్నా, మొత్తం మీద సగటు వాలు 10 శాతం లోపు ఉంటేనే మట్టి బాట నిలుస్తుందని కూడా వారు చెబుతారు. దీనికి తోడు బాట బయటి అంచును లోపలి అంచు కంటే కాస్త దిగువగా ఉంచుతారు. మీటరు వెడల్పు బాటలో ఈ తేడా అయిదు సెంటీమీటర్లే, నడిచేవారి కంటికి ఆనదు. కానీ పై వాలు నుంచి వచ్చిన నీరు బాట మీద నిలవకుండా పలచని పొరలా అడ్డంగా దాటిపోవడానికి ఆ అయిదు సెంటీమీటర్లే ఆధారం.

మూడో రోజు ఉదయం గట్టు బాటలో ఒక పెద్దాయన పలుగు, పార పట్టుకుని ఒంటరిగా పని చేస్తూ కనిపించారు. బాటకు అడ్డంగా, ఏటవాలుగా పాతిన రాతి వరుస ఒకటి అక్కడ ఉంది. పై నుంచి బాట వెంట పరిగెత్తుకు వచ్చే నీటిని ఆపి పక్కకు మళ్లించడానికి దాన్ని ఏర్పాటు చేశారు. రాళ్లు కదలలేదు గానీ, వాటి చివర నీరు బయటకు పోవలసిన నోరు మాత్రం ఆకులతో, ఒండ్రుతో పూడిపోయింది. ఆయన రాళ్లను తాకనే లేదు. ఆ నోటి దగ్గర మూరెడు మేర మట్టి తవ్వి, దాన్ని వాలు అంచు దాకా వెడల్పుగా తీసి, తవ్విన మట్టిని బాటలో గుంట పడిన చోట పోసి పాదంతో అదిమారు. "రాళ్లు పాతడం ఒక్క రోజు పని బాబూ, ఈ నోరు తీయడం ఏడాది పొడవునా ఉంటుంది" అన్నారు. మరికాస్త ముందుకు వెళ్లాక, ఎవరూ పట్టించుకోని అలాంటి వరుసే మరొకటి చూశాను. నోరు మూసుకుపోవడంతో నీరు రాళ్ల మీదుగా దూకి, వాటి కింద మోకాలి లోతు గుంట చేసింది. అంతకు ముందు ఎన్నో కొండలు ఎక్కాను గానీ, ఈ రాతి వరుసలను మెట్లనే అనుకుంటూ తొక్కుకుపోయాను. ఇప్పుడు ఏ బాటలో కాలు పెట్టినా నా చూపు ముందు వాటి చివరలకే పోతోంది.

నీటి తరువాత బాటను ఎక్కువగా పాడు చేసేది మన పాదాలే. మెలికల బాటలో పై మలుపు, కింది మలుపు ఒకదానికొకటి కనిపిస్తూ ఉంటే, మధ్యలో అడ్డదారి తొక్కాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది. దానివల్ల మిగిలేది రెండు మూడు నిమిషాలు. కానీ పది మంది తొక్కిన చోట గడ్డి చస్తుంది, వంద మంది తొక్కిన చోట నేల గట్టిపడుతుంది, గట్టిపడిన నేలలో వాన నీరు ఇంకదు, ఇంకని నీరు ఆ అడ్డదారి వెంటే సూటిగా దిగి కింది మలుపును కోసేస్తుంది. బాట వేసినవారు ఎంతో ఆలోచించి తప్పించిన నిటారు గీతను మనమే మళ్లీ గీసి నీటికి చూపిస్తున్నామన్నమాట. చెట్లకూ దీనివల్ల నష్టమే. నీటిని, పోషకాలను పీల్చే సన్నని వేర్లలో ఎక్కువ భాగం నేల పైభాగాన అడుగు లోతు మట్టిలోనే ఉంటాయి. ఆ మట్టి అదిమినట్టు గట్టిపడితే గాలి, నీరు రెండూ వాటికి అందవు.

బురద విషయంలో మంచివాళ్లు కూడా పొరబడతారు. బాట మధ్యలో బురద గుంట కనిపిస్తే పక్కన ఉన్న పచ్చిక మీదుగా తిరిగి వెళ్లడం మర్యాద అనిపిస్తుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. ఒకరి తరువాత ఒకరు అలా తిరిగి వెళ్తే పక్కన ఉన్న పచ్చిక కూడా బురద అవుతుంది, ఆ తరువాతి వారు మరింత పక్కకు జరుగుతారు, రెండడుగుల బాట ఇరవై అడుగుల మడి అవుతుంది. ఆ ఊరి దిగువన వాగు పక్కన సరిగ్గా అలాంటి చోటు ఉంది. బురద మధ్య నుంచే నడవాలి. బూట్లు తడుస్తాయి, సాయంత్రానికి ఆరతాయి.

దారి గుర్తుల గురించి కాస్త తీరిగ్గా చెప్పాలనిపిస్తోంది. చెట్ల మాను మీద పూసిన రంగు పట్టీలే అక్కడి బాటలకు ఆధారం. ఒక పాత పట్టీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పూసినప్పుడు సన్నగా, నిలువుగా ఉన్న పట్టీ ఇప్పుడు అడ్డంగా సాగి, నిలువు పగుళ్లతో విడిపోయి ఉంది. పగుళ్ల మధ్య నుంచి రంగు అంటని కొత్త బెరడు కనిపిస్తోంది. ఎత్తు మాత్రం మారలేదు, ఇప్పటికీ మనిషి కంటికి తిన్నగానే ఉంది. చెట్టు పొడవు పెరిగేది కొమ్మల చివరల్లో గానీ మానులో కాదు, మాను లావెక్కుతుందంతే. అందుకే ఎన్నేళ్లయినా గుర్తు పైకి పోదు, పక్కలకు మాత్రం సాగుతుంది.

ఈ రంగుల భాష ఒక్కో దేశానిది ఒక్కో తీరు. అమెరికాలో బెంటన్ మెకాయ్ 1921లో ప్రతిపాదించగా 1937లో పూర్తయిన అపలాచియన్ ట్రెయిల్ సుమారు 3,500 కిలోమీటర్ల పొడవునా తెల్లని పట్టీలతోనే నడిపిస్తుంది. ఒకదాని పైన ఒకటిగా రెండు పట్టీలు కనిపిస్తే ముందు మలుపు ఉందని, జాగ్రత్తగా చూడమని అర్థం. స్విట్జర్లాండ్‌లో దాదాపు 65,000 కిలోమీటర్ల నడక బాటలు ఉన్నాయి. అక్కడ పసుపు గుర్తు మామూలు నడక దారికి, తెలుపు-ఎరుపు-తెలుపు కొండ దారికి, తెలుపు-నీలం-తెలుపు అనుభవజ్ఞులు మాత్రమే వెళ్లదగ్గ కష్టమైన దారికి సంకేతాలు. కాలిబాటల సంరక్షణను ఆ దేశ ప్రజలు 1979లో ఓటు వేసి రాజ్యాంగంలోనే చేర్చుకున్నారు. అక్కడి సూచిక పలకల మీద దూరానికి బదులు నడకకు పట్టే కాలం రాసి ఉంటుంది, మధ్యలో ఆగే సమయాన్ని అందులో కలపరు. కొండల్లో ఇదే సరైన పద్ధతని నా అభిప్రాయం. నాలుగు కిలోమీటర్లని రాస్తే అది గంట నడకో మూడు గంటల నడకో ఎవరికీ తెలియదు.

పలక లేని చోట లెక్క మనమే వేసుకోవాలి. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కిన ప్రతి 600 మీటర్లకు మరో గంట చొప్పున కలుపుకోవాలి. నాలుగో రోజు నేను ఎంచుకున్న బాట పది కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 600 మీటర్లు. అంటే మూడు గంటలు. నాకు నాలుగున్నర గంటలు పట్టింది. ఎక్కేటప్పుడు లెక్క దాదాపు సరిపోయింది, తేడా అంతా దిగేటప్పుడే వచ్చింది. ముందు రోజు వానకు తడిసిన వేర్లు సబ్బు రాసినట్టు ఉన్నాయి. వేరు మీద అడుగు వేయకుండా వేరుకూ వేరుకూ మధ్య మట్టిలో కాలు పెట్టుకుంటూ దిగాలి, అంత నిదానం ఆ సూత్రంలో లేదు. లోయలో చీకటి కూడా త్వరగా పడుతుంది. గట్టు మీద ఇంకా ఎండ ఉండగానే అడవిలో గుర్తులు కనిపించడం మానేశాయి. నా సంచిలో టార్చి లేదు. ఫోను వెలుగుతో చివరి అరగంట ప్రతి చెట్టునూ వెతుక్కుంటూ దిగాను. ఆ రాత్రి నుంచి టార్చి లేకుండా మధ్యాహ్నం నడకకైనా బయలుదేరడం లేదు.

మిగిలిన జాగ్రత్తలు చాలామందికి తెలిసినవే గనుక క్లుప్తంగా చెబుతాను. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీల చలి పెరుగుతుంది గనుక ఊళ్లో ఎండను చూసి దుస్తులు నిర్ణయించకూడదు. ఉరుము వినిపిస్తే గట్టు దిగిపోవాలి, ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు. ఒక ఈల దగ్గర ఉంచుకోవాలి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదితే అది సాయం కోరే సంకేతం, మూడుసార్లు బదులు వస్తే మన పిలుపు ఎవరికో అందినట్టు.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ ఊరి పరిమాణం. నలభై ఇళ్ల ఊరు, దాని చుట్టూ ఆ ఇళ్లవారి అవసరాలకు మించిన బాటలు, ఆ బాటల మీద సెలవు రోజున ఊరి జనాభాకు ఎన్నో రెట్లు మనుషులు. పలుగు పట్టగలిగిన చేతులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అపలాచియన్ ట్రెయిల్ అంత పొడవు ఉండి కూడా నిలిచి ఉందంటే, ఒక్కో సంఘం కొంత దూరాన్ని పంచుకుని, స్వచ్ఛందంగా వచ్చేవారి చేత దాన్ని బాగు చేయించుకోవడం వల్లనే. చిన్న ఊరికి అంత బలగం ఉండదు. నా మట్టుకు, కొత్త బాటలు వేయడం ఆపి ఉన్నవాటిలో నాలుగింటిని బాగా చూసుకోవడం మేలనిపిస్తుంది. నేల నానిపోయిన వారాల్లో కొన్ని బాటలు మూసి ఉంచినా నడిచేవారు నొచ్చుకోకూడదు. ఆ ఊళ్లో అలా మూసిన ఒక బాట ముందు తాడు కట్టి ఉంది, తాడు పక్క నుంచి వెళ్లిన బూటు గుర్తులు కూడా ఉన్నాయి. చూసి బాధ కలిగింది.

చివరి రోజు తెల్లవారుజామున వాన పడింది. బస్సుకు ఇంకా సమయం ఉంది గనుక గట్టు బాటలో పెద్దాయన వదిలేసిన ఆ రెండో రాతి వరుస దాకా వెళ్లాను. దాని వెనుక చిక్కటి టీ రంగులో నీరు మడుగు కట్టి ఉంది. ఒక ఎండుకర్ర తీసుకుని, ఆయన తవ్వినట్టే, చివర పూడిన ఆకులను, మట్టిని వాలు అంచు దాకా లాగాను. మొదట ఏమీ కదలలేదు. తరువాత మడుగులో తేలుతున్న ఒక ఆకు నెమ్మదిగా తిరిగి, నేను తీసిన నోటి వైపు సాగింది, దాని వెనుకే నీరంతా పక్కకు మళ్లి నాచు మీదుగా అడవిలోకి దిగిపోయింది. బాట మీద తడి మట్టి, అందులో నా బూటు గుర్తులు రెండూ మిగిలాయి.