పప్పు గిన్నె పక్కకి జరిపారు

రాత్రి భోజనాల దగ్గర ఈయన పప్పు గిన్నె పక్కకి జరిపేశారు. తోటకూర పప్పు, అందులోనూ మా పెరటి తోటకూర. ఏమైందంటే "చిన్నాడు వద్దన్నాడుగా, రిపోర్టులో ఎర్రగా ఉంది" అన్నారు. కూరతో, మజ్జిగతో కానిచ్చేసి లేచిపోయారు. అత్తయ్యగారికి మందులిచ్చి పడుకున్నాను కానీ కన్ను మూతపడలేదు. ఊహ తెలిసినప్పట్నుంచీ తింటున్న పప్పుని ఒక కాగితం చూసి మానేయడం నాకు మింగుడు పడటం లేదు. అందుకే లేచి ఇది రాస్తున్నా.

చిన్నాడు మా అబ్బాయే, ఏదైనా పట్టుకున్నాడంటే ఇంటిల్లిపాదికీ పట్టిస్తాడు. ఈసారి పొట్టలో సూక్ష్మజీవుల పరీక్ష. బెంగళూరు నుంచి డబ్బా పంపించాడు. మలం నమూనా గొట్టంలో పెట్టి పంపితే, అందులోని జీవుల డీఎన్‌ఏ చదివి, నూటికి ఇన్ని అని మార్కులు వేసి పంపుతారు. ఈయనకి 58 వచ్చాయి. కింద తిండి పట్టిక, మూడు రంగుల్లో. కందిపప్పు ఎరుపు, చింతపండు ఎరుపు, పెరుగు పసుపు. ఆకుపచ్చలో బ్లూబెర్రీలు, కేల్, కినోవా. మా రైతుబజార్లో ఎవరి బుట్టలోనూ కనిపించనివి.

ఆ నమూనా ఏ రోజున ఇచ్చారో నాకు గుర్తుంది. అంతకు ముందు వారమే పంటినొప్పికి యాంటీబయాటిక్ కోర్సు పూర్తయింది. ఆ వెంటనే మా ఆడపడుచు ఇంట్లో పెళ్ళి, పూటపూటా విందు భోజనం. ఫారంలో ఆ రెండిట్లో ఒక్కటీ అడగలేదు. మనిషి తిండి పూర్తిగా మారిస్తే పేగుల్లో ఉన్న జీవుల తీరు కొద్ది రోజుల్లోనే మారిపోతుందని 2014లోనే తేల్చారు. కొందరికి ఐదు రోజులు మాంసం, గుడ్లు, జున్ను మాత్రమే, మరో ఐదు రోజులు గింజలు, పప్పులు, కాయగూరలు మాత్రమే పెట్టి చూశారు. అలాంటప్పుడు పెళ్ళి భోజనం తర్వాత ఒక పొద్దున తీసిన నమూనాతో మనిషికి జీవితకాలపు ఎర్ర జాబితా ఎలా రాసిస్తారు?

ఆ డబ్బా అట్ట మీద పెద్దక్షరాల్లో "మీ ఒంట్లో కణాలకంటే పది రెట్లు బాక్టీరియా" అని ఉంది. ఆ లెక్కని 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్మన్ సంస్థలో రాన్ మిలో బృందం కొట్టేసింది. డెబ్భై కిలోల మనిషిలో దాదాపు 38 లక్షల కోట్ల బాక్టీరియా, 30 లక్షల కోట్ల సొంత కణాలు. ఇంచుమించు సరిసమానం. బరువు చూస్తే 200 గ్రాములు. అట్ట మీది మాటే సరిచూసుకోని వాళ్ళు లోపల మాత్రం సరిగ్గా రాశారని ఏ ధైర్యంతో నమ్మాలి?

ఇక ఆ 58 ఎవరితో పోల్చి ఇచ్చారు? ఎంత వెతికినా రిపోర్టులో లేదు. మన దేశంలోనే భోపాల్ వాళ్ళనీ కేరళ వాళ్ళనీ కలిపి 110 మందిని పరీక్షించి 2019లో ఒక పరిశోధన అచ్చువేశారు. గోధుమ, పప్పు, కూరగాయలు తినే భోపాల్ వాళ్ళలో ప్రివోటెల్లా అనే జాతిది పైచెయ్యి. అన్నం, చేప, మాంసం తినే కేరళ వాళ్ళలో బాక్టీరాయిడ్స్, ఫేకలిబాక్టీరియం లాంటివి ఎక్కువ. వీళ్ళిద్దరిలో ఎవరిది తప్పు పొట్ట? ఇళ్ళకి నేరుగా అమ్మే ఈ పరీక్షల మీద ఎవరి అదుపూ లేదని, చెప్పే సలహాలకి ఆధారాలు చాలవని మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2024లో సైన్స్ పత్రికలో రాశారు కూడా.

అన్నిటికంటే నన్ను కాల్చేది పప్పుకి పెట్టిన ఎర్ర చుక్క. పప్పుల్లోని కొన్ని పిండిపదార్థాలని మన పేగులు అరిగించలేవు. అవి కింద పెద్దపేగుకి చేరితే అక్కడి బాక్టీరియా తింటుంది. తిని బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తుంది. పెద్దపేగు లోపలి పొర కణాలకి ముఖ్యమైన ఆహారం అదే. పప్పు తింటే గ్యాస్ వస్తుందని మనం విసుక్కునేది ఆ జీవుల భోజనాన్నే. వాటి తిండి ఆపేసి వాటి ఆరోగ్యానికి మార్కులు పెంచుతామంటే నాకు ఒప్పుదల కాదు.

ఇదంతా ఆలోచిస్తుంటే అమ్మమ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది, గంజి పులియబెట్టే కుండ. కోనసీమ ఇల్లు, వంటింటి మూల తడి ఇసుక మీద కుండ. రాత్రి మిగిలిన అన్నం అందులోనే పడేది. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు, కాస్త ఉప్పు, ఒక దబ్బాకు. ఆ కుండ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అయ్యేది కాదు. అడుగున కాస్త పులుపు ఉంచి మీద కొత్త గంజి పోసేవారు. వేసవి సెలవుల్లో పిల్లలం అందరం పొద్దున్నే వరసగా కూర్చునేవాళ్ళం. అమ్మమ్మ కుండలో చెయ్యి పెట్టి అన్నం పిండి తీసి తలా ఇంత పెట్టి, పైన తరవాణి నీళ్ళు పోసేది. నంజుకోవడానికి మాగాయ టెంక, లేదంటే పచ్చి ఉల్లిపాయ. టెంక కోసం మా మావయ్య కొడుకూ నేనూ రోజూ కొట్టుకునేవాళ్ళం. తాతయ్య పొలానికి వెళ్ళే ముందు చెంబుడు తరవాణి తాగి, మీసం తుడుచుకుని, కండువా దులుపుకుని బయల్దేరేవాడు. మధ్యాహ్నం దాకా ఆకలి అనేవాడు కాదు. స్నానం చెయ్యకుండా ఆ కుండ దరిదాపుల్లోకి వెళ్తే మా పెద్దత్త కేకలు వీధి చివరికి వినిపించేవి. ఇప్పటికీ దబ్బాకు నలిపితే నాకు ఆ మూల, ఆ చల్లదనం, తరవాణిలో మునిగిన అమ్మమ్మ గాజుల చెయ్యి, అన్నీ ఒక్కసారి వచ్చేస్తాయి.

తరవాణి పులిశాక మళ్ళీ పొయ్యెక్కదు. ఇడ్లీ, దోసె పిండి కూడా పులిసేదే, కానీ ఆవిరికీ పెనానికీ అందులో జీవులు పోతాయి. స్టాన్‌ఫర్డ్‌లో సానెన్‌బర్గ్, గార్డ్‌నర్ బృందాలు 36 మందిని రెండు జట్లు చేసి పది వారాలు చూశాయి. పెరుగు, కెఫిర్, కిమ్చీ లాంటి పులిసిన తిండి తిన్న జట్టులో పేగుల్లోని జీవుల రకాలు పెరిగాయి, రక్తంలో వాపుకి సంబంధించిన 19 ప్రొటీన్లు తగ్గాయి. 2021లో అచ్చయింది. అది చదివిన రోజు నాకు ఎంత సంతోషమో! అమ్మ ఉంటే ఫోన్ చేసి చెప్పేదాన్ని.

ఇదంతా చిన్నాడికి మెసేజ్ పెడదామని మొదలుపెట్టి, "మన పెద్దవాళ్ళకి అన్నీ తెలుసురా" అని రాశాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

అదే ఇంట్లో, అలాంటి వేసవిలోనే పిన్ని పురుడు. బిడ్డ పుట్టిన మొదటి మూడు రోజులూ ముర్రుపాలు పిండి పారబోయించింది అమ్మమ్మ. చెడ్డపాలు, బిడ్డకి అరగవు అని. పంచదార నీళ్ళలో దూది ముంచి నోట్లో పెట్టారు, ఆముదం చుక్క నాకించారు. పిన్ని గోడవైపు తిరిగి పడుకుంది. పిన్నికి అంతకు ముందు ఆడపిల్ల పుట్టి విరేచనాలతో పోయిందని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. తరవాణి కుండ నింపిన చెయ్యే ముర్రుపాలు పారబోసింది.

తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత అంత ఎక్కువగా ఉండేవి కొన్ని రకాల సంక్లిష్ట చక్కెరలు. బిడ్డకి అవి నిజంగానే అరగవు. బిడ్డ పేగుల్లో చేరే బిఫిడోబాక్టీరియా అనే జీవుల కోసం ఉన్నాయవి. ముర్రుపాలలో మరీ ఎక్కువ. అంటే అమ్మమ్మ పారబోయించింది బిడ్డ లోపల మొదలయ్యే బతుకులకి తొలి తిండిని.

ఆ రోజుల్లో మా గోదావరి జిల్లాల్లో సంగ్రహణితో, అంటే ఆగని విరేచనాల జబ్బుతో పోయినవాళ్ళని ఎవరూ లెక్కపెట్టలేదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి ఇంట్లోనే స్ప్రూ అనే అలాంటి పేగుల జబ్బు అన్నగారిని పొట్టన పెట్టుకుంది. ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ తయారుచేయించారు. ఆయన బృందం నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ జాతిలో మొదటి మందు. మన ఉష్ణదేశాల స్ప్రూకి ఈనాటికీ ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపే ఇస్తారు. ఆ ఇళ్ళల్లోనూ చద్దన్నం కుండలు ఉండే ఉంటాయి.

కాబట్టి ఆ వాక్యం చిన్నాడికి పంపను. సగం నిజమే అది.

అసలు ఈ విద్యలో నాకు కళ్ళనీళ్ళు తెప్పించింది ఒడిశా పల్లెల సంగతి. పినాకి పాణిగ్రాహిగారి బృందం అక్కడ 4,556 మంది పసిగుడ్లతో చేసిన ప్రయోగం 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. పుట్టిన కొద్ది రోజులకి, వారం పాటు, లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియాలో ఒక రకాన్ని దానికి తిండిగా ఒక చక్కెరతో కలిపి ఇచ్చారు. ఇవ్వని పిల్లల్లో రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్ గానీ మరణం గానీ 9 శాతం మందికి వస్తే, ఇచ్చిన వాళ్ళలో 5.4 శాతానికి తగ్గింది. వాడిన బాక్టీరియా పులిసిన పిండిలో, ఊరేసిన కూరగాయల్లో కూడా కనిపించే జాతిదే. చౌక మందు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాయే కదా, అక్కడ పనికొచ్చింది ఇక్కడ ఎందుకు పనికిరాదు?

ఢాకాలో మీర్పూర్ మురికివాడల పిల్లలకీ ఇలాగే. జెఫ్రీ గోర్డన్, తహ్మీద్ అహ్మద్ అనే శాస్త్రవేత్తల బృందాలు శనగపిండి, సోయాపిండి, వేరుశనగ, అరటికాయ కలిపి ఒక ఆహారం చేశారు, పేగుల్లో ఎదగాల్సిన జీవులకి అందేలా. మామూలుగా ఇచ్చే పోషకాహారం కంటే ఇందులో కేలరీలు తక్కువ. అయినా మూడు నెలల్లో బక్కచిక్కిన పిల్లలు దీనితోనే మెరుగ్గా పుంజుకున్నారు. శనగపిండీ అరటికాయా! ఇవి లేని వంటిల్లు మన వైపు ఉందా? ఇంత జ్ఞానం అంగన్‌వాడీ పిల్లల కంచంలోకి చేరాల్సింది పోయి, ఉద్యోగం చేసుకునేవాళ్ళ ఫోన్లలో మార్కులుగా తిరుగుతోందని నాకు దుఃఖం.

రిపోర్టులో ఒక్క వరుస మాత్రం ఒప్పుకుంటాను. "పీచు చాలడం లేదు" అని ఉంది. అది నిజం. మా ఇంట్లో మూడు పూటలా తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే, కూర నంజుకున్నంత. ఆ మాట చెప్పడానికి నమూనా పంపక్కర్లేదు గానీ, చెప్పారు కాబట్టి జొన్నలు తెప్పిస్తాను. పప్పు సంగతి పొద్దున్నే ఈయనతో మాట్లాడతాను.

మా పెద్దదానికి ఎనిమిదో నెల. ఉండేది హైదరాబాదులో. తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లేనని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, ఆంధ్రలో 42.4. సిజేరియన్ పిల్లలకి తల్లి పేగుల జీవులు తక్కువగా, ఆసుపత్రి జీవులు ఎక్కువగా అందుతున్నాయని బ్రిటన్‌లో దాదాపు 600 మంది పసివాళ్ళని చూసి 2019లో రాశారు. నెలలు గడిచేకొద్దీ ఆ తేడా చాలావరకు తగ్గుతుందని కూడా వాళ్ళే చెప్పారు. అవసరమైతే కత్తి పెట్టాల్సిందే, తల్లీబిడ్డా క్షేమంగా ఉండటమే ముందు. కానీ ఎలా పుట్టినా ముర్రుపాలు మాత్రం ఒక్క చుక్క పోకూడదు.

చిన్నాడికి రాసిందంతా చెరిపేసి వేరే రాశాను. "మీ అక్క ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కో. సిజేరియన్ అయినా మొదటి గంటలో బిడ్డని తల్లి దగ్గర పెట్టి పాలు పట్టిస్తారా? డబ్బాపాలు పట్టే ముందు మనల్ని అడుగుతారా? లేదంటే ఇప్పుడే వేరే చోటు చూద్దాం."