ఆవిరి పట్టిన కాక్‌లు

శనివారం రాత్రి వంటిల్లు సర్దేశాక గిన్నెలో నీళ్లు మరగబెడతాను. వారమంతా మా అపార్ట్‌మెంట్ కోర్టులో షటిల్ బ్యాడ్మింటన్ ఆడి పడేసిన ఈకల కాక్‌లు అప్పటికి గుడ్డసంచిలో పోగై ఉంటాయి. ఒక్కో కాక్‌కి పదహారు ఈకలు. రెండు మూడు విరిగాయంటే ఇక అది తిన్నగా పోదు, తీసి పక్కన పెట్టేయడమే. విరక్కుండా ఎండిపోయి పెళుసెక్కినవాటికి మాత్రం ఇంకా ఆట మిగిలుంటుంది. ఈకల వైపు ఆవిరి తగిలేలా కాసేపు తిప్పి, డబ్బాలో పెట్టి మూత వేస్తే తెల్లారేసరికి మెత్తబడతాయి. కింది బెండుకి తడి తగలకూడదు. పోయిన వారం ఇరవై మూడింట్లో తొమ్మిది దక్కాయి. ఆదివారం పొద్దున్నే పిల్లలు ఆడేది వాటితోనే.

ఈ పనికి నన్ను పురిగొల్పిన మనిషి పుల్లెల గోపీచంద్. ఆయన్ని నేనెప్పుడూ కలవలేదు.

మాది చీరాల. నాన్న బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారు, ఇంట్లో ఏ మూల చూసినా పసుపుపచ్చ ఉన్ని బంతులే. 2001 మార్చిలో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచినరోజు నేను డిగ్రీలో ఉన్నాను. సెమీస్‌లో డెన్మార్క్ ఆటగాడు పీటర్ గేడ్‌ని, ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించారు. 1980లో ప్రకాశ్ పదుకోన్ తర్వాత మనవాళ్లెవరూ ఆ టైటిల్ తేలేదు. "నాగండ్ల కుర్రాడమ్మా! మన ఇంకొల్లు పక్కన నాగండ్ల!" అని నాన్న పేపరు పట్టుకుని వీధి వీధంతా చూపించొచ్చారు. ఆ వారంలోనే ఈడెన్‌లో లక్ష్మణ్ 281 కొట్టడంతో ఊళ్లో అందరూ క్రికెట్ కబుర్లలో పడ్డారు. నాన్న మాత్రం ఆ నెలంతా షటిల్ గురించే మాట్లాడారు.

1994లో గోపీచంద్ మోకాలు దెబ్బతింది. ఆ కాలితోనే అంత ఎత్తుకు వెళ్లారంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. గెలిచాక కూల్‌డ్రింకు ప్రకటనకి డబ్బిస్తామంటే, తాను తాగనిది వేరేవాళ్లని తాగమనలేనని వదులుకున్నారు. అయితే నా మనసులో నాటుకున్నది ఆ తర్వాత సంగతి. గచ్చిబౌలిలో అకాడమీ కట్టడానికి డబ్బు చాలక ఇల్లు తాకట్టు పెట్టారు. ఇల్లు తాకట్టంటే ఏమిటో మధ్యతరగతి ఇంట్లో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ అకాడమీ 2008లో మొదలైంది. 2012 లండన్‌లో సైనాకి కంచు, 2016 రియోలో సింధుకి వెండి వచ్చినప్పుడు కోర్టు పక్కన కోచ్ కుర్చీలో ఉన్నది ఆయనే.

బెంగళూరు వచ్చాక ఇంకోటి తెలిసింది. ప్రకాశ్ గారు చిన్నప్పుడు ఆట నేర్చుకున్నది మల్లేశ్వరంలో కెనరా యూనియన్ హాల్లో. అది పెళ్లిళ్ల హాలు. ముహూర్తాలున్న రోజుల్లో ఆట ఉండేది కాదు. పెద్దయ్యాక ఆయన ఈ ఊళ్లోనే అకాడమీ పెడితే, గోపీచంద్ వచ్చి సాధన చేసింది అక్కడే. ఒకసారి పనిగట్టుకుని మల్లేశ్వరం వెళ్లి ఆ హాలు ముందు కాసేపు నిలబడ్డాను.

మా వాచ్‌మన్‌ది కదిరి. వాళ్ల పాప రోజూ కోర్టు బయట జాలీ పట్టుకుని ఆట చూసేది, పాయింటు పోతే తనే నాలిక కరుచుకునేది. ఓ రోజు లోపలికి పిలిచి రాకెట్ చేతికిచ్చాను. వాళ్ల నాన్న పరుగెత్తుకొచ్చాడు. "మాకేంటికి మేడం ఇవన్నీ? ఎవురన్నా చూస్తే నా ఉద్యోగానికి వస్తాది." ఆయన భయం నిజమే. పనివాళ్ల పిల్లలకి కోర్టు ఇవ్వడం కుదరదని కమిటీలో తేల్చేశారు, ఇస్తే కోర్టు పాడైపోతుందట. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాలుగు నెలలు ప్రతి మీటింగుకీ వెళ్లి అదే అడిగాను. ఆఖరికి ఆదివారం ఆరు నుంచి ఎనిమిది దాకా ఒప్పుకున్నారు, శుభ్రం చేసే బాధ్యత మాదే. ఇప్పుడు పదకొండు మంది వస్తున్నారు. కదిరి, రాయచోటి, హిందూపురం నుంచి పనికొచ్చినవాళ్ల పిల్లలు, ఇద్దరు రాయచూరు వాళ్లు.

ఆ పాప మొదట్లో రాకెట్‌ని అట్లకాడలా పిడికిలి బిగించి పట్టుకునేది. "చెయ్యి కలుపుతాం చూడు, అట్లా పట్టుకోమ్మా" అంటే అప్పుడు వేళ్లు వదులయ్యాయి. మొన్న వెనక గీత దగ్గర్నుంచి ఎత్తుగా కొట్టిన క్లియర్ షాట్ అవతలి వెనక గీత మీద పడింది. "అక్కా, పడింది! చూసినావా, గీత మీదే పడింది!" వాళ్ల నాన్న గేటు దగ్గర్నుంచే చూశాడు. ఏమీ అనలేదు. ఆ రోజు కోర్టు ఆయనే ఊడ్చాడు.

కాక్‌లకి ఇబ్బంది లేదు. బూట్లు లేవు, పిల్లలు ఉత్తికాళ్లతో ఆడుతున్నారు. కుందలహళ్లి, మారతహళ్లి వైపు ఎవరింట్లోనైనా పిల్లలకి చిన్నవైపోయిన, కోర్టు మీద మరకలు పడని నాన్‌మార్కింగ్ బూట్లుంటే చెప్పండి. నేనే వచ్చి తీసుకెళ్తాను. ఆ పాపది మూడో నంబరు.