"మందులు వాడుతోందా?" అని అడిగేవాళ్లకు

మా చెల్లికి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావోద్వేగాలు అదుపు తప్పే మానసిక సమస్య) ఉందని తెలిసినప్పటి నుంచి చుట్టాలందరిదీ ఇదే ప్రశ్న. వాడుతోంది, నిద్రకీ దిగులుకీ. ఈ జబ్బుకంటూ అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఏ మందునూ ఆమోదించలేదు. అసలు వైద్యం సైకోథెరపీయే. "అంటే ఊరికే మాట్లాడటమేగా!" అంటారు. కాదు.

తను వెళ్లేది డయలెక్టికల్ బిహేవియర్ థెరపీకి, అంటే డీబీటీకి. వారానికోసారి థెరపిస్ట్‌తో విడిగా, ఇంకోసారి గ్రూపు క్లాసు. హోంవర్క్ కూడా ఉంటుంది. కోపం ఎంత వచ్చింది, తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా, నేర్చుకున్నవాటిలో ఏది పనికొచ్చింది, ఇవన్నీ రోజూ ఒక కార్డులో నింపాలి. తర్వాతి సెషన్ ఆ కార్డుతోనే మొదలవుతుంది.

మొన్న చెల్లి పంపిన మెసేజ్ చూసి కూడా ఫ్రెండ్ జవాబివ్వలేదు. మనకైతే పనిలో ఉందేమో అనిపిస్తుంది. చెల్లికి 'నన్ను వదిలేసింది' అనిపిస్తుంది. ఆ క్షణంలో అది అనుమానం కాదు, నిజం. ఇదివరకైతే వరసగా ఫోన్లు, తిట్లు, ఆపైన ఏడుపు. ఈసారి ఊపిరి బిగబట్టి చల్లటి నీళ్లలో ముఖం ముంచింది. అలా చేస్తే గుండె వేగం తగ్గుతుంది (గుండె జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగాలి). తర్వాత థెరపిస్ట్‌కి ఫోన్ చేసింది. అలాంటప్పుడు ఫోన్ చేయడం కూడా ఈ చికిత్సలో భాగమే.

దీన్ని రూపొందించిన మార్షా లైనహన్ సియాటిల్‌లో, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1961లో, 17 ఏళ్ల వయసులో, ఆమే రోగిగా మానసిక వైద్యశాలలో చేరారు. ఆ సంగతి 2011లో అందరి ముందూ చెప్పారు. మొదట్లో ఆమె 'మారాలి' అని పట్టుబడితే, తప్పంతా మాదేనా అని రోగులు బాధపడ్డారు. ఉన్నదున్నట్టు ఒప్పుకుని ఊరుకుంటే, మాకు సాయం చేయరా అని కుంగిపోయారు. అందుకే రెండూ కలిపారు. 1991లో వచ్చిన తొలి ట్రయల్ ఫలితాల్లో హాని చేసుకోవడం, హాస్పిటల్లో గడిపే రోజులు తగ్గాయి.

ఆ ఒప్పుకోవడం, మారడం రెండూ ఇంట్లో కూడా కావాలి. మా అమ్మ ఇప్పుడు ముందు "బాగా బాధేసింది కదమ్మా" అని పక్కన కూర్చుంటుంది. "ఏం చేద్దాం?" అనేది ఆ తర్వాతే. "అందరూ తననే చూడాలని చేస్తోంది" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండిపోతుంది. అంత నొప్పిని ఎవరూ సరదాకి తెచ్చుకోరు.

థెరపిస్ట్‌ని వెతుకుతుంటే "డీబీటీలో శిక్షణ తీసుకున్నారా, గ్రూపు క్లాసులున్నాయా?" అని సూటిగా అడగండి. చనిపోవాలన్న ఆలోచనలుంటే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.