తుమ్మబంక తినే ప్రాణికి అరటిపండు పెడితే

షుగర్ గ్లైడర్ కొనేవాళ్లు ముందు అడిగేది "చేతి మీదికి వచ్చి వాలుతుందా?" అని. అడగాల్సింది దాని వెనక కాళ్ల గురించి.

చూపుకి ఉడుతలా ఉంటుంది గానీ ఉడుతకి చుట్టం కాదు. కంగారూలా పొట్టసంచి ఉన్న జాతి, సొంతూరు ఆస్ట్రేలియా. ఈనేటప్పుడు పిల్ల బియ్యపు గింజంతే. రెండు నెలలకు పైగా సంచిలోనే పెరుగుతుంది. పెద్దది నూట అరవై గ్రాములు తూగితే ఎక్కువ. ముందరి కాలి చిటికెన వేలి నుంచి వెనక కాలి బొటనవేలి దాకా సాగే చర్మంతో 50 మీటర్ల దాకా గాలిలో జారగలదు.

అడవిలో దాని తిండి తుమ్మజాతి చెట్ల బంక, నీలగిరి చెట్ల రసం, పూలతేనె, పురుగులు. బంకలో కాల్షియం బాగా ఉంటుంది. మన ఇళ్లలో దొరికేదేమో అరటిపండు, ద్రాక్ష, మీల్‌వర్మ్స్ (మేతగా అమ్మే ఒక పెంకుపురుగు లార్వాలు). మీల్‌వర్మ్స్‌లో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ మరీ ఎక్కువ. తిండిలో కాల్షియం చాలకపోతే ఒళ్లు దాన్ని ఎముకల్లోంచి లాక్కుంటుంది. మొదట దూకేటప్పుడు గురి తప్పుతుంది, వెనక కాళ్లు వణుకుతాయి. ఆ తర్వాత ఒక రాత్రి కాళ్లు ఈడ్చుకుంటూ కనిపిస్తుంది. అప్పుడు చిట్కాలు వెతుక్కుంటూ కూర్చోవద్దు. ఎక్కడానికి వీల్లేని పొట్టి పెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, ఇలాంటి ప్రాణుల్ని చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి అదే రోజు తీసుకెళ్లాలి.

మేతలో కాల్షియం ఫాస్ఫరస్‌కి రెండింతలు ఉండాలన్నది లెక్క. పేరున్న మిశ్రమం ఒకటుంది: 150 మి.లీ. గోరువెచ్చని నీళ్లు, 150 మి.లీ. తేనె, పెంకు తీసిన ఉడికించిన గుడ్డు ఒకటి, పసిపిల్లల సెరియల్ 25 గ్రాములు, ఒక టీస్పూన్ విటమిన్-ఖనిజాల పొడి. మిక్సీ పట్టి ఐస్ ట్రేలో గడ్డకట్టించుకోవచ్చు. సెరియల్ డబ్బా మీద పాలపొడి ఉందేమో చదవండి. పాలు వీటికి అరగవు. పండ్లలో బొప్పాయి నయం. చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి దగ్గరికి రానివ్వద్దు.

ఒక్కదాన్నే పెంచడం నా లెక్కలో క్రూరత్వమే. ఆస్ట్రేలియాలో పగలంతా ఒకే తొర్రలో ఆరేడు కలిసి ముడుచుకుని పడుకుంటాయి. ఒంటరిది బొచ్చు పీక్కుంటుంది, తోక కొరుక్కుంటుంది. జంటని తెస్తే మగదానికి ఆపరేషన్ చేయించాలి. రాత్రి రెండింటికి కుక్కపిల్లలా మొరిగితే పక్క ఫ్లాటువాళ్లకి ఏం చెప్తారో అదీ ఆలోచించుకోండి.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో బెంగళూరు చలి 15 డిగ్రీలకి దిగుతుంది. పంజరం బాల్కనీలో ఉంటే ప్రాణి మొద్దునిద్రలోకి జారిపోతుంది. ముట్టుకుంటే చల్లగా, చచ్చినట్టే ఉంటుంది. పారేయకండి. చొక్కా లోపల ఒంటికి ఆనించి మెల్లగా వెచ్చబరచాలి. పూర్తిగా కదిలేదాకా నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పంజరం ఊచల సందు సెంటీమీటరుంపావు దాటకూడదు. బయటికి వదిలే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, బాత్రూమ్ తలుపు వేయాలి. సగం నిండిన బకెట్‌లో పడితే ఆ నున్నటి గోడ ఎక్కలేదు.