కొమ్ము కింద పెట్టాలి

మన బడి పాత విద్యార్థుల సంచికకి రెండు పేజీలు రాసివ్వమని కమిటీ తరఫున సోడా (ఇందులో అన్నీ బడిలో పెట్టుకున్న పేర్లే) మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి "నువ్వు రాయకపోతే నీ పేరు పెట్టి నేనే రాసేస్తా, తర్వాత నీ ఇష్టం" అన్నాడు. వాడు అన్నంత పనీ చేస్తాడు. బావి దగ్గర బొంగరం సంగతి గుర్తున్నవాళ్ళెవరూ సోడాతో పెట్టుకోరు కదా. అందుకని కూర్చుని రాస్తున్నాను.

'మన బడి నాకేం నేర్పింది' అన్న అంశం మీద రాయాలట. నిజం చెప్పాలంటే అయిదేళ్ళలో నాకు బాగా గుర్తున్నది ఒక్క ఒకటో తరగతే. రెండో తరగతిలో గజ్జి తప్ప ఏమీ గుర్తులేదు. మూడో తరగతి 1972-73. జై ఆంధ్ర ఉద్యమం, ఉద్యోగుల సమ్మె, బడికి తాళం. ఆ ఏడు మనం నేర్చుకున్న చదువంతా కాలవ గట్టు మీద గోళీలాటే. అయినా అందరం పాసయ్యాం. నాలుగూ అయిదూ పెద్ద పంతులుగారి దగ్గర. ఆయన గురించి రిబ్బను రాస్తోందట, ఆమె రాస్తేనే అందం. పెద్ద పంతులుగారి చేతిలో ఒక్క దెబ్బ కూడా తినని మనిషి మన బ్యాచీలో ఆమె ఒక్కతే.

నన్ను బళ్ళో వేసింది 1970 జూన్‌లో. మా తాతయ్య భుజం మీద ఎక్కించుకొచ్చి చిన్న పంతులుగారి ముందు దించాడు. "చెయ్యి తల మీంచి పోనిచ్చి అటు చెవి పట్టుకోరా" అన్నారాయన. అందింది. అందితే అయిదేళ్ళు నిండినట్టు లెక్క. చింతపిక్కకి అందలేదు, అయినా వాళ్ళమ్మ గుమ్మంలోనే కూర్చుని కదలకపోయేసరికి చేర్చుకోక తప్పలేదు. పుట్టిన తేదీ అడిగితే మా తాతయ్య "పుష్కరాలకి ముందండీ, వానలు పడుతున్నాయి" అన్నాడు. పంతులుగారు ఒక్క క్షణం ఆలోచించి 1-7-1965 అని రాసేశారు. ఆ పూట చేరిన పదకొండు మందికీ అదే తేదీ! ఈ విషయం ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఒకటో తారీకున పుట్టినవాళ్ళని అంతకుముందు నెల ఆఖరునే రిటైర్ చేస్తారు. అలా నేను 2025 జూన్ 30న ఇంటికొచ్చేశాను. ఆయన గనక రెండో తారీకు వేసి ఉంటే ఇంకో నెల జీతం వచ్చేది. పంతులుగారి మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే.

చిన్న పంతులుగారు పెద్ద పంతులుగారికన్నా జానెడు పొడుగు, వయసులో కూడా పెద్ద. అయినా చివరిదాకా చిన్న పంతులుగారే. పెంకుటి హాలు ఒకటి, తరగతులు అయిదు, పంతుళ్ళు ఇద్దరు. 1977 తుపానుకి ఆ పెంకులన్నీ పోయి తర్వాత శ్లాబు వేశారు గానీ, నాకు బడి అంటే ఇప్పటికీ ఆ పెంకుల సందులోంచి పడే ఎండ చుక్కలే. పొద్దున్నే చెయ్యి చాపి ప్రతిజ్ఞ చెప్పేవాళ్ళం. అది 1962లో విశాఖపట్నంలో ఒక తెలుగాయన తెలుగులోనే రాసిందని నాకు నలభై ఏళ్ళు దాటాక తెలిసింది. అప్పుడు మాత్రం, చాపిన చెయ్యి ఎప్పుడు దించమంటారా అన్నదే ధ్యాస.

తరగతుల మధ్య గోడలు లేవు కాబట్టి ఒకటో తరగతి మూల కూర్చున్నా అయిదో తరగతి పాఠం చెవిలో పడుతూనే ఉండేది. పదహారో ఎక్కం నాకు అప్పుడే వచ్చేసింది. పదహారంటే ఎన్నో మాత్రం తెలియదు. ఇటు మన గుణింతం. కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి... ముందుకీ వెనక్కీ ఊగుతూ అందరం ఒక్క గొంతు. గుడిదీర్ఘం వచ్చేసరికి చింతపిక్క నిద్రపోయేవాడు. వట్రుసుడి దగ్గర మాత్రం అందరం గొంతు పెంచేవాళ్ళం, ఎందుకో తెలీదు, ఆ మాటలోనే ఏదో తిరుగుడు ఉంది. ఆ అరుపుకి వాడు ఉలిక్కిపడి లేచి మళ్ళీ 'కకు తలకట్టిస్తే' అని మొదలుపెట్టేవాడు.

ఇప్పటి పిల్లలకి నేర్పని అక్షరాలు కూడా మనకి నేర్పారు. ఌ, ౡ రాయించి, "వీటితో పనేమీ లేదురా, కానీ ఇంట్లో ముసలాళ్ళున్నట్టు ఉండనివ్వండి" అనేవారు. బండి ఱ వచ్చిన రోజున నిజంగానే బండి తోలినంత సంబరం.

లెక్కలకి చింతపిక్కలు. (నీ పేరు అక్కణ్ణించే వచ్చిందిరా, నువ్వు ఎన్ని కథలు చెప్పినా. పదిహేను పిక్కలిస్తే పదమూడే తిరిగిచ్చావు.) కొలతలకి పంతులుగారు వాళ్ళింట్లోంచి గిద్ద, సోల, తవ్వ, మానిక తెచ్చి వరసగా పెట్టేవారు. పుస్తకంలో లీటర్లు, కిలోలు. ఇంటికెళ్తే అమ్మ దగ్గర సోలెడు బియ్యం. పంతులుగారు ఆ రెండింటికీ తగువు పెట్టలేదు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని ఇసుక పోయించి కొలిపించేవారు. చెబితే విన్నట్టు కాదు, పోస్తే నిండాలి. సోల అంచు దాటి ఒక్క గింజ పడినా "మళ్ళీ" అనేవారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీరంతా దేనికోసం ఈ పేజీ తిప్పారో నాకు తెలుసు.

సంక్రాంతి సెలవుల తర్వాత. పలకల మీద చెప్పి రాయించడం. నాది మార్కాపురం పలక, చెక్క చట్రంది. ముందురోజే దొండాకూ బొగ్గూ కలిపి రుద్ది నిగనిగలాడించి తెచ్చాను. "ఆవు పాలు ఇచ్చును" అన్నారు పంతులుగారు. రాశాం. ఆయన వరసగా చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగిపోయారు. పలక తీసుకుని ఎత్తి పట్టుకుని పైకి చదివారు.

"ఆమ పాలు ఇచ్చును."

అయిదో తరగతితో సహా హాలంతా నవ్వింది. పెద్ద పంతులుగారు బెత్తం బల్లకేసి కొట్టాల్సి వచ్చింది.

ఇక్కడ కాస్త వివరం చెప్పాలి, మన పిల్లలు చదివితే అర్థం కావాలి కదా. మిగతా అక్షరాలకి కొమ్ము పక్కన కూర్చుంటుంది. కు, గు, తు. ప, ఫ, వ అనే ఈ మూడింటికీ మాత్రం కాస్త కిందికి దిగి పట్టుకోవాలి. పక్కన పెట్టామా, వ కాస్తా మ అయి కూర్చుంటుంది. ఇది అప్పటికే రెండుసార్లు చెప్పి ఉన్నారు. అయినా నాకొక వాదన ఉంది. ఆరేళ్ళవాడికి ఉండే వాదనలు మీకు తెలుసు కదా.

"కొమ్ము పైనెందుకు పెట్టావురా?"

"ఆవుకి కొమ్ము పైనే ఉంటుంది కదండీ."

గోడకుర్చీ ఖాయం అనుకున్నాను. సోడా అప్పుడే నాకు గోడ దగ్గర చోటు చూపించాడు కూడా. పంతులుగారు కొట్టలేదు, నవ్వనూ లేదు. "లేవండ్రా అందరూ" అన్నారు. ఒకటో తరగతి మొత్తాన్ని చింతచెట్టు కింద కట్టేసి ఉన్న కరణంగారి ఆవు దగ్గరికి తీసుకెళ్ళారు. దాని మెడ నిమిరి, కొమ్ము పట్టుకుని, నన్ను పిలిచారు.

"ఇదేంటి?"

"కొమ్మండీ."

"ఇది పశువు కొమ్ము. ఇది పైనే ఉంటుంది, నువ్వన్నది నిజమే. పలక మీదున్నది అక్షరం కొమ్ము. దాని చోటు దానిది. ఇది చిరాకొస్తే పొడుస్తుంది. అది తప్పు రాస్తే పొడుస్తుంది."

ఆ తర్వాత గొంతుక్కూర్చుని మట్టిలో వేలితో వ రాసి, కింద నుంచి కొమ్ము లాగి చూపించారు. నా వేలు పట్టుకుని రాయించారు. ఆయన చేతికి పొగాకు వాసన. ఆవు వంగి ఆ అక్షరాన్ని వాసన చూసి దాని మీద ఊపిరి వదిలితే సగం చెరిగిపోయింది. "చూశావా, దానికి కూడా నచ్చలేదు, మళ్ళీ రాయి" అన్నారు. ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. మోకాళ్ళ దాకా దుమ్ము. లేచేముందు అడిగారు: "నీ పేరు చివర ఏముందిరా?"

"రావు అండీ."

"నువ్వు రాసినట్టు రాస్తే రామ అవుతుంది. రాముడవ్వడానికి అంత తొందరేం? ముందు పద్నాలుగేళ్ళు అడవికి పోవాలి."

ఆ రోజు నుంచి నేను మీకు ఆమగాణ్ణి. పేరు పెట్టింది పొడుగుగాడని కొందరు, కాదు సోడానే అని కొందరు. నా పెళ్ళికొచ్చి పందిట్లో "ఆమా, ఓ ఆమా" అని మీరు అరుస్తుంటే మా మామగారు నన్ను పక్కకి పిలిచి "ఆమె ఎవరు బాబూ?" అని అడిగారు. ఆ ఒక్క మాట మా ఆవిడకి సర్ది చెప్పడానికి నాకు మూడు నిద్రలు సరిపోలేదు.

1987లో బ్యాంకులో క్లర్కుగా చేరాను. మొదటి పోస్టింగు శ్రీకాకుళం వైపు ఒక పల్లె బ్రాంచి. చివరికి హైదరాబాద్‌లో చీఫ్ మేనేజర్‌గా దిగాను. చెప్పుకోకూడదు గానీ, రాసివ్వమన్నారు కాబట్టి రాస్తున్నాను. పల్లె బ్రాంచిలో బంగారం మీద అప్పుకొచ్చేవాళ్ళు కాసుల్లో చెబుతారు, కాగితం గ్రాముల్లో అడుగుతుంది. కాసు ఎనిమిది గ్రాములు. పొలం సెంట్లలో చెబుతారు, కాగితం ఎకరాల్లో అడుగుతుంది. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు కాల్‌క్యులేటర్ తీసేలోపు నేను నోటితో చెప్పేసేవాణ్ణి. "మీదే ఊరండీ?" అనేవాళ్ళు. నాకు మాత్రం వరసగా పెట్టిన గిద్ద, సోల, తవ్వ కనపడేవి.

సంతకం మాత్రం తెలుగులోనే. చేరినప్పుడు ఒక పెద్దాఫీసరు "ఇంగ్లీషులో పెట్టవయ్యా, హెడ్డాఫీసుకి వెళ్ళే కాగితాలు" అన్నాడు. రూలేమీ లేదని తెలుసుకుని తెలుగులోనే ఉంచేశాను. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఎన్ని డ్రాఫ్టులు, ఎన్ని వోచర్లు! హడావిడిలో అక్షరాలన్నీ కలిసిపోయి ముందున్నదంతా గీతలా తయారైంది. చివరి కొమ్ము మాత్రం ఎప్పుడూ కిందికే దిగేది. ఒకసారి నా సంతకం ఫోర్జరీ చేసిన చెక్కు ఒకటి వస్తే కౌంటర్లో అమ్మాయి ఇట్టే పట్టేసింది. కొమ్ము పక్కన ఉందట.

మనవరాలు డాలస్‌లో ఆదివారాలు తెలుగు నేర్చుకుంటోంది. మొన్న వీడియో కాల్‌లో ట్యాబ్ మీద 'ఆవు' అని టైపు చేసి చూపించింది. కొమ్ము దానంతటదే వెళ్ళి కింద కూర్చుంది. పిల్లకి తప్పు రాసే అవకాశమే లేదు, పాపం.

చిన్న పంతులుగారిని చివరిసారి చూసింది నాకు ఉద్యోగం వచ్చినప్పుడు. స్వీట్లు పట్టుకెళ్ళాను. అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు, చూపు బాగా తగ్గింది. నా పేరు చెబితే గుర్తుపట్టలేదు. "ఆవు పాలు ఇచ్చును" అన్నాను. కాసేపు ఆగి గాల్లో వేలితో వ రాసి కింద నుంచి కొమ్ము లాగారు. "బ్యాంకులోనా? అయితే పద్నాలుగేళ్ళు తప్పవు" అన్నారు. ఇచ్ఛాపురం దగ్గర్లో పోస్టింగని నేను అప్పటికింకా చెప్పనే లేదు.

సోడా, ఇది రెండు పేజీలు దాటింది, కత్తిరిస్తే ఊరుకోను. ప్రూఫు నాకు పంపండి, ఆ 'వు'లన్నీ నేనే చూసుకుంటాను. పేరు పక్కన హోదా వేయొద్దు. భోజనాల్లో గోంగూర ఉంటుందని విన్నాను, సంతోషం.

ఇంకొక్క మాట. ఆ ఆవు రోజునే మధ్యాహ్నం అన్నానికెళ్ళి వచ్చేసరికి నా మార్కాపురం పలక రెండు ముక్కలై ఉంది. యాభై ఏళ్ళు దాటింది, ఇప్పుడైనా ఒప్పుకోవచ్చు. నాకు ఇద్దరి మీద అనుమానం. ఇద్దరూ కమిటీలోనే ఉన్నారు.